ఎదుటివాళ్ళను ఖాళీగా కూర్చోబెట్టే కార్డులు

మేజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డు ఆట మొట్టమొదటి సెట్ 1993 ఆగస్టులో వచ్చింది. అందులోనే స్టేసిస్ అని రెండు మానాల నీలం కార్డు ఒకటుంది. ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క: ఇందులో ల్యాండ్ కార్డును అడ్డంగా తిప్పితే మానా వస్తుంది, ఆ మానాతో మిగతా కార్డులు వేస్తాం, దాడికి పంపిన క్రీచర్ (మన తరఫున పోరాడే ప్రాణి కార్డు) కూడా అడ్డం తిరుగుతుంది, మళ్ళీ మన టర్న్ రాగానే అన్నిటినీ నిలువుగా తిప్పుకుంటాం. ఈ తిప్పుకోవడాన్నే అన్‌టాప్ అంటారు. స్టేసిస్ బల్ల మీద ఉన్నంతసేపు ఎవరికీ అన్‌టాప్ ఉండదు. పెట్టినవాళ్ళు తమ టర్న్ మొదట్లో ప్రతిసారీ ఒక నీలం మానా కట్టుకుంటూ పోవాలి, కట్టలేకపోతే కార్డు పోతుంది.

చదివితే ఇద్దరికీ ఒకే రూలు, బాగానే ఉంది కదా అనిపిస్తుంది. బల్ల దగ్గర చూస్తే వేరేగా ఉంటుంది. పోయిన టర్న్‌లో మీ ఆరు ల్యాండ్లూ వాడేసి ఒక పెద్ద క్రీచర్‌ను దించారు, ఉన్న రెండు చిన్నవాటినీ దాడికి పంపారు. అవతలివాళ్ళ దగ్గర అప్పటికే కిస్మెట్ అనే తెల్ల కార్డు ఉంది (మనం అనే కిస్మతే అది), దాని వల్ల మీరు కొత్తగా దించే క్రీచరైనా ల్యాండైనా అడ్డంగానే దిగుతుంది. ఇప్పుడు వాళ్ళు స్టేసిస్ వేశారు. మీ టర్న్ వచ్చింది. ఒక కార్డు తీశారు, చేతిలో ఉన్న ల్యాండ్ పెట్టారు, అది అడ్డంగా పడింది. ఇంకేం వేద్దామన్నా మానా లేదు, దాడికి పంపుదామంటే నిలువుగా ఉన్న క్రీచర్ ఒక్కటీ లేదు. "అయిపోయింది, నువ్వు ఆడు" అన్నారు. వాళ్ళు ఒక ఐలండ్ (నీలం మానా ఇచ్చే ల్యాండ్) పెట్టారు, దాంతో వచ్చే టర్న్ బాకీ తీరుతుంది. మళ్ళీ మీ వంతు. ఒక కార్డు తీయడం, నువ్వు ఆడు అనడం.

నాలుగైదు టర్న్లు గడిచేసరికి వాళ్ళ ఐలండ్లు అయిపోవస్తాయి, హమ్మయ్య అనుకుంటారు మీరు. సరిగ్గా అప్పుడే, మీ టర్న్ చివర్లో, బూమరాంగ్ అనే కార్డుతో స్టేసిస్‌ను తమ చేతిలోకే వెనక్కి తెచ్చుకుంటారు. వాళ్ళ టర్న్ మొదట్లో వాళ్ళవన్నీ శుభ్రంగా నిలువుగా తిరుగుతాయి, వెంటనే స్టేసిస్ మళ్ళీ దిగుతుంది, మీ టర్న్ వచ్చేసరికి కథ మొదటికొస్తుంది. మీకు మాత్రం ఒక్క అన్‌టాప్ కూడా దక్కలేదు. మరి వాళ్ళు గెలిచేది ఎలా అంటే, చాలాసార్లు మీ డెక్ ఖాళీ అయ్యేదాకా ఆగి గెలుస్తారు (తీయడానికి కార్డు లేకపోతే ఓడినట్టే). 60 కార్డుల డెక్‌లో మొదటి ఏడు చేతికి పోతే 53, టర్న్‌కి ఒకటి చొప్పున తీసుకుంటూ కూర్చోవాలి. మధ్యలో చేతిలో ఏడు దాటినప్పుడల్లా ఒక మంచి కార్డును మీ అంతట మీరే పారేసుకోవాలి.

బలం లెక్కన చూస్తే అదే సెట్‌లో బ్లాక్ లోటస్ ఉంది, దాని ముందు స్టేసిస్ ఎంత? అయినా బ్లాక్ లోటస్ పేరు చెబితే జనం కళ్ళు మెరుస్తాయి, స్టేసిస్ పేరు చెబితే మొహం ముడుచుకుంటారు. కార్డ్ గేముల గురించి జరిగే గొడవల్లో సగం ఈ రెండిటినీ, అంటే బలాన్నీ చిరాకునూ, కలిపేయడం వల్లే వస్తాయి. "ఈ కార్డు ఓవర్‌పవర్డ్, నెర్ఫ్ చేయండి" (బలం తగ్గించండి) అని అరిచేవాళ్ళలో చాలామందికి ఉన్న అసలు బాధ కార్డు బలం గురించి కాకపోవచ్చు. ఆ కార్డు దిగాక తమకు చేయడానికి పనేమీ లేకపోయింది, అయినా ఆట నడుస్తూనే ఉంది, లేచి వెళ్ళడానికీ లేదు. కార్డు ఎంత చిరాకో తూచాలంటే విన్‌రేట్ (నూటికి ఎన్ని ఆటలు గెలిపిస్తుందన్న లెక్క) పక్కన పెట్టి ఒక్కటి చూస్తే చాలు: అది దిగిన తర్వాత ఓడిపోబోయేవాళ్ళు ఎంతసేపు ఏ నిర్ణయమూ లేకుండా కూర్చోవాలి?

విన్‌రేట్ ఎంత మోసం చేస్తుందో కంప్యూటర్లో, ఫోన్లో ఆడే హార్త్‌స్టోన్‌లోని టికేటస్ చూస్తే తెలుస్తుంది. 2020 చివర్లో వచ్చిన వార్లాక్ వర్గం కార్డు, ఆరు మానాకి 8/8 (దాడి ఎనిమిది, ప్రాణం ఎనిమిది). మామూలుగా వేస్తే వేసినవాళ్ళ డెక్ పైనున్న ఐదు కార్డులు పోతాయి, దానికంటే ఖరీదైన కార్డు ఒకటి ముందు ఆడి ఉంటే మాత్రం ఎదుటివాళ్ళ డెక్‌లోని ఐదు కాలిపోతాయి. హార్త్‌స్టోన్ డెక్ 30 కార్డులదే, అందులో ఐదు. లెక్కల మాస్టారిని అడిగితే ఆయన ఏమంటాడంటే, డెక్ కలిపి ఉంది కాబట్టి పైనున్న ఐదు పోయినా అడుగునున్న ఐదు పోయినా ఒకటే, ఆట డెక్ అయిపోయేదాకా సాగకపోతే ఆ అడుగు ఐదూ మీ చేతికి ఎలాగూ రావు, ఇక నష్టమేముంది? నూటికి నూరు పాళ్ళూ నిజం. కానీ అడుగున మిగిలిపోయిన కార్డును ఎవరూ చూడరు. టికేటస్ కాల్చే కార్డు మాత్రం స్క్రీన్ మీద మీ కళ్ళ ముందే బూడిదవుతుంది, అందులో డెక్ మొత్తాన్ని దేని చుట్టూ కట్టారో ఆ లెజెండరీ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. లాడర్‌ను (ర్యాంకుల పోటీని) ఏలేసిన కార్డేమీ కాదు ఇది. వేగంగా దాడి చేసే డెక్‌ల మీద ఆ టర్న్ దండగ కూడా. అయినా ఆ కాలంలో దీన్ని తిట్టినంతగా అంతకన్నా బలమైనవాటిని కూడా తిట్టలేదు.

వీటిని 'కలెక్టబుల్' కార్డు గేములు అంటారు, ఆ మాట బరువు ఇక్కడ తెలుస్తుంది. రమ్మీలో చేతికొచ్చిన పదమూడు ముక్కలూ మనవి కావు, ఆట అయ్యాక మళ్ళీ కట్టలోకే పోతాయి, కాబట్టి జోకర్ పడకపోతే కాసేపు తిట్టుకుని మర్చిపోతాం. ఈ ఆటల్లో కార్డు మన సొంతం. ప్యాక్ కొని, చించి, దొరక్కపోతే ఎవరితోనో మార్చుకుని, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని 61వ కార్డు ఏది తీసేయాలా అని కొట్టుమిట్టాడి డెక్ కట్టుకుంటాం. చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు దాచుకున్నవాళ్ళకి ఈ మమకారం కొత్తగా చెప్పక్కర్లేదు. అలా తెచ్చుకున్న కార్డును వేసి, అది పని చేసి, అప్పుడు ఓడిపోతే "పోనీలే, మావాడు కనీసం దిగాడు" అనిపిస్తుంది. అసలు వేయనివ్వకపోతే ఆ రాత్రంతా వృథా అయినట్టు ఉంటుంది.

మేజిక్‌లో ఓకో అనే కార్డు మీద అంత కోపం రావడానికి కూడా ఇదే కారణం, నిజానికి అది బలం విషయంలోనూ హద్దు దాటిన కార్డే. 2019 అక్టోబరు మొదట్లో త్రోన్ ఆఫ్ ఎల్‌డ్రెయిన్ సెట్‌తో వచ్చింది, నవంబరు 18న స్టాండర్డ్‌లో (కొత్త సెట్లతోనే ఆడే పద్ధతి అది) బ్యాన్ అయింది, అంటే రెండు నెలలు కూడా నిలవలేదు, ఆ తర్వాత పాత కార్డులూ చెల్లే పయనీర్, మోడర్న్, లెగసీ అన్నిట్లోనూ వరసగా నిషేధమే. మూడు మానాకి వచ్చి, ప్రతి టర్న్ ఏదో ఒక క్రీచర్‌నో ఆర్టిఫాక్ట్‌నో (వస్తువు కార్డు) ఏ శక్తులూ లేని 3/3 దుప్పిగా మార్చేస్తుంది, పైగా అలా మార్చినందుకు ఓకోకి బలం తగ్గడం పోయి పెరుగుతుంది. మీరు ఎనిమిది మానా పోగేసి ఒక డ్రాగన్‌ను దించారనుకోండి, మరుసటి టర్న్‌కి అది దుప్పి. చంపేసి ఉంటే బాగుండేది! చచ్చిన డ్రాగన్ గ్రేవ్‌యార్డ్‌లో (వాడేసిన, చచ్చిన కార్డుల కుప్పలో) డ్రాగన్‌లాగే ఉంటుంది, దాన్ని తిరిగి తెచ్చే కార్డులు బోలెడు. దుప్పి అయిన డ్రాగన్ బల్ల మీదే ఉండి వెక్కిరిస్తుంది. ఓకో డెక్‌ల మధ్య ఆట జరిగితే రెండు వైపులా దుప్పులే, ఎవరు ఏ డెక్ తెచ్చారో కూడా గుర్తుపట్టలేని పరిస్థితి.

సమయం సంగతి వేరే పెద్ద కథ. టోర్నమెంట్‌లో ఒక మేజిక్ రౌండ్‌కి ఇచ్చేది 50 నిమిషాలు. అందులో ఒకళ్ళే ఇరవై నిమిషాలు ఆడుతుంటే రెండో మనిషి ఏం చేయాలి? 2012లో మోడర్న్ ప్రో టూర్ (మేజిక్‌లో పెద్ద స్థాయి పోటీ) గెలిచిన 'ఎగ్స్' డెక్ అచ్చం ఇలాంటిదే: చవక ఆర్టిఫాక్ట్‌లను పగలగొట్టి కార్డులు తీసుకోవడం, సెకండ్ సన్‌రైజ్ అనే కార్డుతో అన్నిటినీ వెనక్కి తెచ్చుకోవడం, మళ్ళీ పగలగొట్టడం. ఇది ఖచ్చితంగా గెలుస్తుందని తేలితే ఎదుటివాళ్ళు చేయి కలిపి లేచిపోవచ్చు, కానీ మధ్యలో ఎక్కడైనా తుస్సుమనే అవకాశం ఉంది కాబట్టి లేవలేరు, కూర్చుని లెక్క సరిగ్గా వేస్తున్నారో లేదో కనిపెట్టుకుని ఉండాలి, పక్క బల్లల వాళ్ళంతా ముగించుకుని చుట్టూ నిలబడతారు. 2013లో సెకండ్ సన్‌రైజ్‌ను బ్యాన్ చేశారు, ఆ ఆలస్యమే కారణం.

పాఠం నేర్చుకున్నారా అంటే, 2024లో మోడర్న్ హొరైజన్స్ 3 సెట్‌లో నాడు అనే పక్షి వచ్చింది. (తెలుగులో చదివితే 'నాడు-నేడు' గుర్తొచ్చి నవ్వొస్తుంది, ఏం చేస్తాం.) మీ క్రీచర్ల మీద ఏదైనా స్పెల్‌గానీ ఎబిలిటీగానీ గురిపెట్టినప్పుడల్లా డెక్ పై కార్డు చూడాలి, ల్యాండైతే బల్ల మీదికి, కాకపోతే చేతిలోకి, ఒక్కో క్రీచర్‌కి టర్న్‌కి రెండుసార్లు. ఖర్చు లేకుండా గురిపెట్టే ఆర్టిఫాక్ట్ ఒకటి పక్కన ఉంటే ఈ తతంగానికి అంతుండదు, ప్రతి అడుగులో డెక్ నుంచి ఏమొస్తుందో తెలియదు కాబట్టి "ఇది వంద సార్లు చేశాను అనుకో" అని షార్ట్‌కట్ కొట్టడానికీ కుదరదు. ఆ ఏడాది ఒక ప్రో టూర్‌ను గెలిచింది నాడు డెక్కే, ఆగస్టు 26న మోడర్న్‌లో కార్డు బ్యాన్ అయింది. అదే రోజు దాని డిజైనర్ ఒక వివరణ రాశాడు, అందులో దాచుకోకుండా ఒప్పుకున్న విషయం ఏమిటంటే, చివరి దశలో కార్డు మీది మాటలు మార్చారు, మార్చాక ఆ రూపంలో దాన్ని ఆడి చూడలేదు. ఇంత పెద్ద కంపెనీలో కూడా ఆఖరి నిమిషం దిద్దుబాట్లు ఇలాగే ఉంటాయన్నమాట.

అన్నిసార్లూ బలమైన కార్డే ఆలస్యం చేస్తుందనీ లేదు. పోకేమాన్ కార్డు ఆటలో లైసాండర్స్ ట్రంప్ కార్డ్ అని ఒకటి ఉండేది, ఇద్దరి డిస్కార్డ్ పైల్‌లూ మళ్ళీ డెక్‌లోకి కలిపేయాలి, అంతే. ఎవరికీ ఏ హానీ లేదు. కానీ డెక్ అయిపోతుందన్న భయమే ఆ ఆటను ముగింపు వైపు తోసేది, ఆ భయం తీసేస్తే ఆటలు సాగుతూనే పోయాయి. 2015లో బ్యాన్ చేశారు.

స్క్రీన్ మీద ఆడే ఆటల్లో ఇంకో చిక్కుంది. మేజిక్‌లో నెక్సస్ ఆఫ్ ఫేట్ అనే కార్డు ఇంకో టర్న్ ఇస్తుంది, వాడాక గ్రేవ్‌యార్డ్‌కి పోకుండా మళ్ళీ డెక్‌లోకే కలుస్తుంది. డెక్ చిన్నదయ్యాక అదే కార్డు మళ్ళీ మళ్ళీ చేతికొస్తుంది, టర్న్ తర్వాత టర్న్ ఒకళ్ళదే. షాపులో, బల్ల దగ్గర ఇలా చేస్తే జడ్జిని పిలవొచ్చు, "నువ్వు గెలిచేందుకు ఏదైనా చేస్తున్నావా, ఊరికే తిప్పుతున్నావా" అని ఆయన అడుగుతాడు. మేజిక్‌ను ఆన్‌లైన్‌లో ఆడే మేజిక్ అరీనాలో జడ్జి ఉండడు. గెలిచే కార్డు డెక్‌లో లేకపోయినా, ఎదుటివాళ్ళు విసిగి మ్యాచ్ వదిలేసేదాకా తిప్పుతూ కూర్చున్నవాళ్ళున్నారు. అందుకే 2019 ఫిబ్రవరిలో అరీనాలో ఒక్క ఆటతో తేలిపోయే స్టాండర్డ్‌లో మాత్రమే ఆ కార్డును తీసేశారు, బయట అప్పటికి దాన్ని అలాగే ఉంచారు.

అదృష్టం మీద నడిచే కార్డుల సంగతికొస్తే జనం సాధారణంగా అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు, అది తప్పు. హార్త్‌స్టోన్‌లో యాగ్-సారన్ పది మానా కార్డు, మీరు ఆ ఆటలో ఎన్ని స్పెల్స్ వేశారో అన్ని స్పెల్స్ అది తనకు తోచినట్టు, తోచినవాళ్ళ మీద వేసేస్తుంది. మీ హీరోనే చంపొచ్చు. ఇద్దరూ స్క్రీన్‌కి కళ్ళప్పగించి చూస్తారు, గెలిచినా ఓడినా పదిమందికి చెప్పుకునే కథ మిగులుతుంది. 2016 ఏప్రిల్‌లో వచ్చాక కొన్ని నెలలపాటు నవ్వులే నవ్వులు. డబ్బు పెట్టిన టోర్నమెంట్లలో కూడా ఆఖరి ఆట దీని చేతుల్లోకి వెళ్ళడంతో నవ్వులు ఆగాయి, అక్టోబరులో మార్చారు: మధ్యలో యాగ్ చస్తే స్పెల్స్ కూడా అక్కడితో ఆగిపోతాయి.

దీని పక్కన పోకేమాన్ టీసీజీ పాకెట్‌లోని మిస్టీని పెట్టి చూడండి. ఆ గేమ్ 2024 అక్టోబరు చివర్లో వచ్చింది, మనవైపు కూడా ఫోన్లలో బాగానే ఆడారు. మిస్టీ వేస్తే బొరుసు పడేదాకా నాణెం ఎగరేస్తూ పోవాలి, ఎన్ని బొమ్మలు పడితే ఒక వాటర్ పోకేమాన్‌కి అన్ని ఎనర్జీలు. సగం సార్లు మొదటిదే బొరుసు, కార్డు దండగ. కానీ వరసగా మూడు బొమ్మలు పడే అవకాశం ఎనిమిదిలో ఒకటి, అది పడితే ఆర్టికునో ఈఎక్స్ మొట్టమొదటి టర్న్‌లోనే 80 డ్యామేజ్ కొడుతుంది. మీ ముందున్న ఒక్కగానొక్క పోకేమాన్‌కి ప్రాణం 80 లోపే ఉండి, బెంచ్ (వెనక సిద్ధంగా ఉంచే పోకేమాన్ల చోటు) ఖాళీగా ఉంటే ఆట అయిపోయినట్టే. మీరు ఒక్క కార్డు కూడా తీయలేదు. యాగ్ వచ్చేసరికి పది మానా దాకా ఆట నడిచి ఉంటుంది, ఇద్దరూ ఏదో ఒకటి చేసి ఉంటారు, ఆ చేసినదాని మీద దుమారం పడుతుంది. మిస్టీ ఆట మొదలుకాకముందే తలుపు వేసేస్తుంది. నాణెం రెండు చోట్లా ఒకటే, ఎప్పుడు ఎగరేశారన్నదే తేడా. అయితే మిస్టీకి అనుకూలంగా ఒకటి చెప్పాలి, ఓడినా నిమిషంలో ఇంకో మ్యాచ్ దొరుకుతుంది, స్టేసిస్‌లా గంట కూర్చోబెట్టదు.

ఎదుటివాళ్ళను ఆపే ప్రతి కార్డూ చెడ్డదే అనే వాదన మాత్రం మింగుడు పడదు. కౌంటర్‌స్పెల్ కూడా మేజిక్ మొదటి సెట్‌దే, రెండు నీలం మానాలకి ఎదుటివాళ్ళు వేసిన స్పెల్‌ను గాల్లోనే ఆపేస్తుంది. కొత్తవాళ్ళు దీన్ని భరించలేరు, నిజమే. కానీ అది ఆపేది ఒక్క స్పెల్‌ని, దానికోసం అవతలివాళ్ళు రెండు మానాలు వాడకుండా ఉంచుకోవాలి, ఆ రెండు ఐలండ్లు నిలువుగా ఉండడం మీకు కనిపిస్తూనే ఉంటుంది. ముందు ఒక చిన్న స్పెల్ ఎర వేసి తర్వాత అసలుది వేయాలా, ఈ టర్న్ ఆగాలా, లేక వాళ్ళ చేతిలో ఏమీ లేదు ఉత్తుత్తి బెదిరింపేనా? ఇద్దరికీ ఆలోచించడానికి పని ఉంది. అందుకే మేజిక్ తయారుచేసే విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వాళ్ళు దాన్ని పూర్తిగా వదిలేయకుండా, స్టాండర్డ్‌లో ధర మూడు మానాల దగ్గరికి జరిపి, పాత రెండు మానాల కార్డును 2021లో మోడర్న్‌కి తెచ్చారు. కొసమెరుపు ఏమిటంటే, ఎదుటివాళ్ళ కౌంటర్‌స్పెల్స్‌ను ఆపడానికి టెఫెరీ, టైమ్ రావెలర్ అని 2019లో ఒక కార్డు చేస్తే, అది ఉన్నంతసేపు అవతలివాళ్ళు మీ టర్న్‌లో ఏదీ వేయలేరు, చివరికి జనం కౌంటర్‌స్పెల్ కన్నా దీన్నే ఎక్కువ తిట్టుకున్నారు. 2020 ఆగస్టులో స్టాండర్డ్ నుంచి పంపేశారు.

ఇంకో సంగతి, ఏది చిరాకో దేశం దేశానికీ మారుతుంది. యు-గి-ఓ అనే జపాన్ కార్డు ఆటలో మ్యాక్స్ సి అనే బొద్దింక కార్డు ఉంది (నిజంగానే బొద్దింక బొమ్మే), ఎదుటివాళ్ళు ఆ టర్న్‌లో స్పెషల్ సమన్ (మామూలుగా టర్న్‌కి దించేది కాక, అదనంగా ప్రాణిని దించడం) చేసిన ప్రతిసారీ మీకు ఒక కార్డు. వాళ్ళు ఆపితే వాళ్ళ టర్న్ వృథా, ఆపకపోతే మీ చేతి నిండా కార్డులు. ఇంగ్లీషు కార్డుల వైపు దాన్ని బ్యాన్ చేసిన తర్వాత కూడా జపాన్ వైపు ఏళ్ళ తరబడి మూడేసి కాపీలు పెట్టుకుని ఆడారు. పది నిమిషాలు సాగే మొదటి టర్న్‌కి పగ్గం అదేనని వాళ్ళ లెక్క. ఎవరిది ఒప్పు అంటే తేల్చడం కష్టం. ఎదుటివాళ్ళ టర్న్ పది నిమిషాలు సాగడం చిరాకా, దాన్ని సాగనివ్వకపోవడం చిరాకా?

రమ్మీ ఆడేవాళ్ళకి ఈ మొత్తం గొడవకి ఒక మందు ముందే తెలుసు, దాని పేరు డ్రాప్. ముక్కలు చూడగానే బాగోలేవనిపిస్తే మొదట్లోనే దించేసి 20 పాయింట్లతో బయటపడొచ్చు, కాస్త ఆడి దించితే 40, చివరిదాకా కూర్చుంటే 80 దాకా పడొచ్చు. చెడ్డ చేతితో కూర్చోవాలా లేవాలా అన్నది మీ ఇష్టం, ఆ ఇష్టానికి ఒక ధర. 2022లో వచ్చిన మార్వెల్ స్నాప్ సరిగ్గా ఇదే పట్టుకుంది. ఆరు టర్న్ల ఆట, మూడు నాలుగు నిమిషాలు, ఏ టర్న్‌లోనైనా రిట్రీట్ నొక్కి తక్కువ క్యూబ్‌లు (ఆ ఆటలో పందెం పాయింట్లు) పోగొట్టుకుని లేచిపోవచ్చు. చిరాకు పెట్టే కార్డులు అందులో తక్కువేమీ లేవు. కానీ అవి మీ దగ్గర గుంజుకునేది మూడు నిమిషాలూ ఒక క్యూబూ మాత్రమే.

కాగితం కార్డులకి ఈ సౌకర్యం రాదు, దిద్దుబాటూ అంత సులువు కాదు. హార్త్‌స్టోన్‌లో కార్డు మారిస్తే రాత్రికి రాత్రి అందరి దగ్గరా మారిపోతుంది, వద్దనుకున్నవాళ్ళకి కొన్నాళ్ళపాటు పూర్తి డస్ట్ (కార్డులు తయారుచేసుకునే ముడిసరుకు) వెనక్కిస్తారు. అచ్చేసిన కార్డును మార్చలేరు, బ్యాన్ చేయాలి, చేస్తే కొన్నవాళ్ళ డబ్బు పోతుంది. 2024 సెప్టెంబరులో మేజిక్‌ను ఎక్కువగా నలుగురు కలిసి ఆడే కమాండర్ ఫార్మాట్‌లో మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్ లాంటి ఖరీదైన కార్డులను బ్యాన్ చేసినప్పుడు అప్పటిదాకా ఆ ఫార్మాట్‌ను సొంతంగా చూసుకున్న రూల్స్ కమిటీకి బెదిరింపులు వచ్చాయి, వారం తిరిగేసరికి వాళ్ళు పెత్తనం విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్‌కే అప్పగించేశారు.

ఆ తర్వాత 2025 ఫిబ్రవరిలో విజర్డ్స్ వాళ్ళు తెచ్చిన పద్ధతి కాస్త తెలివిగా ఉంది. కమాండర్ డెక్‌లను ఒకటి నుంచి ఐదు దాకా బ్రాకెట్లుగా విడగొట్టి, అందరి ల్యాండ్లనూ ఒకేసారి పగలగొట్టే, లేదా అన్‌టాప్ కానివ్వకుండా చేసే కార్డులు మొదటి మూడు బ్రాకెట్లలో వద్దన్నారు. నాలుగు, ఐదులో కూర్చుంటే ఏదైనా రావచ్చు, వచ్చేవాళ్ళు తెలిసే వస్తారు. స్టేసిస్ కమాండర్‌లో ఇప్పటికీ బ్యాన్ కాలేదు. కాకపోతే డెక్‌లో అది ఉంటే కూర్చునే ముందే ఆ ముక్క చెప్పాలి, వినగానే కుర్చీ జరుపుకుని పక్క బల్లకి వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోతారు.